చేప కక్కిన తరువాత: ఒక అన్నదమ్ముల కేసు

యోనా గ్రంథం మీద మన తెలుగు సంఘాల్లో వినిపించే ప్రసంగాలు చాలావరకు చేప కడుపులోనే ముగుస్తాయి. నీనెవె పట్టణానికి వెళ్లి హెచ్చరించమని దేవుడు చెబితే ప్రవక్త పారిపోయాడు, తుపాను లేచింది, మత్స్యం మింగింది, ప్రార్థించాడు, ఒడ్డున పడ్డాడు. కాబట్టి దేవుని మాట వినండి, ఆమెన్. ఆ పుస్తకంలో 48 వచనాలున్నాయి. యోనా ఒడ్డున పడేసరికి 27 మాత్రమే అవుతాయి. మిగిలిన 21 వచనాల్లో మాట విన్న యోనా కనిపిస్తాడు. పారిపోయిన యోనాకంటే అతనితోనే దేవునికి ఎక్కువ పని పడింది. ఈ కేసు ఆ రెండో యోనా గురించి.

బెంగళూరులో మారతహళ్లి దాటాక ఒక పాఠశాల హాలును ఆదివారాలు అద్దెకు తీసుకుని ఆరాధించే చిన్న తెలుగు సంఘానికి నేను కాపరిని. మా ఆరాధన ముగిసే సమయానికి తమిళ సంఘం వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు కనుక మా ప్రసంగాలు గడియారాన్ని మీరవు. ఊళ్లో పొలం తగాదా, ఇక్కడ ఉద్యోగం, మధ్యలో తల్లి ఫోను: మా సంఘంలో సగం కుటుంబాల కథ ఇదే. ఈ కేసులోని సోదరుని అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

వచ్చినప్పటి స్థితి

ఆయనకు నలభై దాటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక బృందానికి పెద్ద. సొంత ఊరు ఒంగోలు వైపు. తండ్రి పోయాక అన్నయ్య ఉమ్మడి ఇంటిని తాకట్టు పెట్టి రొయ్యల చెరువులు కౌలుకు తీసుకున్నాడు. తమ్ముడి సంతకం ఉండవలసిన చోట మరెవరో పెట్టిన సంతకం ఉంది. చెరువులకు వైరస్ తగిలింది, అప్పు పెరిగింది, ఇల్లు పోయింది. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయి చాలా ఏళ్లయింది. తల్లి అన్న దగ్గరే ఉంటుంది.

ఆయన ఈ సమస్యతో నా దగ్గరకు రాలేదు. ప్రసంగాలు మనసుకు పట్టడం లేదని, ప్రార్థన పొడిబారిందని చెప్పాడు. కాపరి దగ్గరకు ఎవరూ మొదటిసారే అసలు సంగతితో రారు. అయితే నేను అప్పటికే ఒకటి గమనించి ఉన్నాను. నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం సమయానికి ఆయన ఎప్పుడూ హాలు వెనుక సౌండు మిక్సరు దగ్గరే ఉంటాడు. సరిగ్గా రొట్టె పంచే వేళకు ఏదో ఒక వైరు పాడవుతుంది. మిగతా అన్ని పనుల్లోనూ ఆయనే ముందు: సండే స్కూలు, యువకుల కూటం, క్రిస్మస్ బట్టల పంపిణీ. ఇంత పని చేసే మనిషిని ఏ సంఘమూ అనుమానించదు, సన్మానిస్తుంది.

యోనా యొప్పే రేవుకు వెళ్లి ప్రయాణపు కూలి చెల్లించి మరీ ఓడ ఎక్కాడని గ్రంథం చెబుతుంది. నీనెవె తూర్పున టైగ్రిస్ నది ఒడ్డున ఉంది. నేటి మోసుల్ నగరం దాని ఎదురుగానే ఉంటుంది. తర్షీషు పడమటి దిక్కున సముద్రానికి ఆవల ఉంది. స్పెయిన్ తీరం అంటారు చాలామంది పండితులు. అంటే ఆజ్ఞకు సరిగ్గా వ్యతిరేక దిక్కు. మన రోజుల్లో అంత దూరం పోనక్కరలేదు. సంఘంలోనే, పరిచర్య పేరుతోనే, ఒక తర్షీషు దొరుకుతుంది. దాని కూలి మన సాయంకాలాలు.

ఊరి సంగతి చివరికి ఆయన భార్య నోట బయటపడింది. ఒక ఉపవాస ప్రార్థనలో ‘అన్న దగ్గరకు వెళ్లి సమాధానపడాలి’ అని ఈయనకు బలంగా అనిపించిందట. ఆ తరువాత ఆ మాట ఇంట్లో ఎత్తనివ్వలేదట. ఎందుకు వెళ్లలేదని అడిగితే మూడు కారణాలు చెప్పాడు: సెలవు దొరకదు, రక్తపోటు ఉంది, వదిన నోరు మంచిది కాదు. మూడూ నిజమే. మూడూ అసలు కారణం కాదు.

ఆజ్ఞ ఏమిటో ముందు తేల్చుకోవడం

ఇక్కడ కాపరులు తొందరపడతారు. యోనాకు యెహోవా వాక్కు నేరుగా వచ్చింది: లే, ఆ మహాపట్టణానికి వెళ్లు. మనకు అలా రాలేదు. ప్రార్థనలో కలిగిన ప్రతి భారాన్నీ దైవాజ్ఞగా ప్రకటిస్తే నష్టపోయేది ఎదుటి మనిషి. అందుకే లేఖనం స్పష్టంగా అడిగేదానికే పరిమితమవుదామని అనుకున్నాం. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, నీ మీద విరోధమున్న సహోదరునితో ముందు సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయం చెబుతుంది. మీ చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండండి అని రోమా పత్రిక 12వ అధ్యాయం చెబుతుంది. చేతనైనంత మట్టుకే. ఇంటి వాటా వదులుకోవాలని గానీ, దొంగ సంతకం జరగలేదన్నట్టు నటించాలని గానీ ఎక్కడా లేదు. ఇది రాసి పెట్టుకున్నాక ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తన మీద ఉందనుకున్న ఆజ్ఞ, నిజంగా ఉన్న ఆజ్ఞకంటే చాలా పెద్దది.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీని ‘యోనాలాగా పారిపోకు, తిరిగి వెళ్లు’ అని పంపించిన పెద్దలను నేను చూశాను. యోనా కథలో దెబ్బలు తిన్న మనిషిని కొట్టినవాడి ఇంటికి పంపిన సంగతి లేదు. అలాంటి కేసుకు ఈ గ్రంథాన్ని తెరవకూడదు. అక్కడ ముందు తెరవవలసింది సురక్షితమైన ఒక ఇంటి తలుపు.

తుపాను ఎవరిది?

ఈ మధ్యలో ఆయన బృందాన్ని కంపెనీ రద్దు చేసింది. బయటి రింగురోడ్డు పొడవునా ఆ నెలల్లో చాలామందికి అదే గతి. కానీ మా ప్రార్థన గుంపులో ఒక విశ్వాసి ఆయనను పక్కకు పిలిచి, ఇది యోనా తుపాను, అవిధేయతకు దేవుడు పంపించాడు అని చెప్పారు. ఆయన రాత్రంతా నిద్రపోలేదు.

ఆ వారం గృహకూటంలో మొదటి అధ్యాయాన్ని నెమ్మదిగా చదివించాను. తుపాను ఎవరివల్ల వచ్చిందో తేల్చడానికి నావికులు వేసిన చీటి యోనా మీద పడింది, నిజమే. కానీ ‘ఈ తుపాను నావల్లనే వచ్చింది’ అన్నది యోనా నోరే. ఆ మాట విన్నాక కూడా అన్యులైన నావికులు అతన్ని వెంటనే సముద్రంలో పారేయలేదు. తెడ్లు వేసి ఒడ్డుకు చేర్చడానికి శాయశక్తులా ప్రయత్నించారు. వేరొకరి బతుకులో లేచిన గాలిని చూసి వారి పాపాన్ని లెక్కగట్టే అధికారం ఈ అధ్యాయం ఎవరికీ ఇవ్వలేదు. ఆ పని చేసిన యోబు స్నేహితులను దేవుడు ఎలా గద్దించాడో మనకు తెలుసు. పుట్టుగుడ్డివాని విషయంలో ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, ఎవరి పాపమూ కాదని యేసు అన్నది యోహాను 9వ అధ్యాయంలో ఉంది. ఆ విశ్వాసితో విడిగా మాట్లాడాను. ఆవిడ నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిన సందర్భమే అది.

తరువాత జరిగింది చూడండి. ఆయనకు వైట్‌ఫీల్డులో మరో ఉద్యోగం దొరికింది. సంఘంలో సాక్ష్యం చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఒంగోలు మాత్రం వెళ్లలేదు. భయపెట్టే తుపానుతో పుట్టిన తీర్మానం తుపానుతోనే పోతుంది. విధేయతను భయం మీద కట్టాలనుకునే ప్రసంగికులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని నా కోరిక.

వెళ్లాడు, వచ్చేశాడు

ఆయనను కదిలించింది రెండో అధ్యాయం. చేప కడుపులోని ప్రార్థన చదువుతూ ఉండగా ఆయనే ఆగి అడిగాడు: “అయ్యగారూ, ఇందులో ‘నేను పారిపోవడం తప్పు’ అన్న మాట ఎక్కడుంది?”

లేదు. అగాధం ఉంది, నాచు ఉంది, కృతజ్ఞత ఉంది, మొక్కుబడి ఉంది. వ్యర్థమైన దేవతలను నమ్మేవారి మీద ఒక విసురు కూడా ఉంది. ఆ దేవతలను కొలిచిన నావికులు అప్పటికే ఓడ మీద యెహోవాకు బలి అర్పించి మొక్కుబళ్లు చేశారు. ఆ సంగతి యోనాకు తెలియదు. ఈ పుస్తకంలోని హాస్యం మన వేదికల మీద ఎందుకో వినిపించదు. ఆయనకు మాత్రం వినిపించింది. నవ్వాడు. తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వారాంతమే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్టు తీసుకున్నాడు.

తిరిగి వచ్చాక ఆయన చెప్పింది ఇది. ఇంటికి వెళ్లాడు. వాకిట్లో నిలబడే, “జరిగినదానికి నిన్ను క్షమిస్తున్నాను. ఇకమీదట నా మనసులో ఏమీ ఉండదు” అన్నాడు. తల్లి ఇచ్చిన టీ తాగాడు. వదిన అన్నం వండుతానన్నా ఉండలేదు. స్టేషనులో కూర్చుని రాత్రి రైలు ఎక్కాడు. “పని అయిపోయింది అయ్యగారూ” అన్నాడు, ఆఫీసులో ఒక ఫిర్యాదును మూసేసినట్టు.

నేను అభినందించలేదు, తప్పుపట్టనూ లేదు. మూడో అధ్యాయం తెరిచాం. నీనెవె మూడు రోజుల ప్రయాణమంత పట్టణం. యోనా ఒక దినపు ప్రయాణమంత దూరం లోపలికి వెళ్లి ఒకే వాక్యం చెప్పాడు: ఇక నలభై రోజులకు నీనెవె నాశనమవుతుంది. ఆ వాక్యంలో దేవుని పేరు లేదు. కారణం లేదు. మారుమనస్సు పొందండి అన్న పిలుపు లేదు. బయటపడే దారి చూపించకుండా హెచ్చరించి వచ్చేశాడు. ఆజ్ఞ నెరవేరిందా అంటే నెరవేరింది. రెండోసారి పిలిచినప్పుడు యెహోవా సెలవిచ్చినట్టే లేచి వెళ్లాడని లేఖనమే అంటుంది. కాళ్లు విన్నాయి.

మాకు ఈ అధ్యాయంలో ఊహించని సాయం ఒకటి దొరికింది. ఆయన కొత్త ఆఫీసులో పక్క సీటు ఉద్యోగి కేరళ సిరియన్ క్రైస్తవుడు. యోనా మాట విని నీనెవె వాళ్లు ఉపవాసముండి, చెడునడత మాని, నాశనం తప్పించుకున్నారు కదా. దానికి గుర్తుగా, ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద ఉపవాస కాలానికి మూడు వారాల ముందు, సోమవారం మొదలుపెట్టి మూడు రోజులు వాళ్లు నీనెవె ఉపవాసం పాటిస్తారు. ఈయన ఆశ్చర్యంగా వచ్చి నాతో అన్నాడు: “వాళ్లు తలుచుకునేది యోనాను మాత్రమే కాదు అయ్యగారూ, నీనెవె వాళ్లను కూడా. వాళ్లలాగా ఉపవాసం ఉంటున్నారు.” సువార్తలో యేసు కూడా నీనెవె మనుషులనే మెచ్చుకున్నాడు. యోనా మాట విని వారు మారుమనస్సు పొందారని, తీర్పు దినాన లేచి ఈ తరం మీద నేరం మోపుతారని అన్నాడు. శత్రువును మాదిరిగా చూడడం ఈయనకు అంతవరకు తట్టని కోణం. అప్పటికి అది తలలోకే ఎక్కింది.

అసలు కేసు ఇక్కడ మొదలవుతుంది

కొన్ని వారాల తరువాత అన్నయ్య ఊరి చర్చిలో అందరి ముందు లేచి నిలబడ్డాడు. సంతకం తానే పెట్టించానని, తమ్ముడి నోటి దగ్గర కూడు తీశానని చెప్పి ఏడ్చాడు. పాస్టరు గారు ప్రార్థించారు, ఊరంతా కరిగిపోయింది. తల్లి ఆనందంతో ఫోను చేసింది: “మీ అన్న మారిపోయాడురా.” ఆ రాత్రి ఈయన మా ఇంటికి వచ్చాడు. అంత కోపంలో ఆయనను నేను ఎప్పుడూ చూడలేదు.

“ఇంత తేలికా? రెండు మాటలు, నాలుగు కన్నీళ్లు, అయిపోయిందా? ఇల్లు పోయింది నాది. ఇప్పుడు ఊళ్లో మంచివాడు ఆయన!”

ఇక్కడే యోనా గ్రంథం నిర్మాణంలోని నేర్పు మనకు పనికివస్తుంది. యోనా ఎందుకు పారిపోయాడో మొదటి అధ్యాయం చెప్పదు. మనం భయం అనుకుంటాం, దూరం అనుకుంటాం. నాలుగో అధ్యాయం రెండో వచనంలో, పని ముగిశాక, పట్టణం బతికాక, యోనాయే కక్కుతాడు: నీవు కటాక్షమూ జాలీ గల దేవుడవని, కీడు చేయకుండా మానుకుంటావని నాకు తెలుసు, అందుకే తర్షీషుకు పారిపోయాను. సీనాయి కొండ మీద మోషేకు దేవుడు తన గురించి చెప్పుకున్న మాటలనే యోనా ఇక్కడ ఫిర్యాదుగా మార్చాడు. దేవుడు విఫలమవుతాడన్న భయం అతనికి లేదు. క్షమిస్తాడన్నదే అతని భయం.

నేను ఆ వచనం చదివి ఊరుకున్నాను. కొంతసేపటికి ఆయనే అన్నాడు: “నేను వెళ్తే అన్న మారిపోతాడేమోనని నాకు ముందే తెలుసు. ఆయన మనసు మెత్తన. అందుకే వెళ్లలేదు.” సెలవు, రక్తపోటు, వదిన నోరు, అన్నీ అక్కడితో పోయాయి.

ఈ కోపాన్ని చిన్నబుచ్చకూడదు. నీనెవెను ఏలిన అష్షూరు సామ్రాజ్యపు క్రూరత్వం కట్టుకథ కాదు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో ఉత్తర ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును పడగొట్టి యోనా దేశాన్ని తుడిచిపెట్టింది ఆ సామ్రాజ్యమే. నీనెవె రాజభవనం గోడల మీద యూదా పట్టణమైన లాకీషు ముట్టడిని చెక్కించుకున్న శిల్పాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో బందీల చర్మం ఒలిచే దృశ్యాలు కూడా ఉన్నాయి. యోనాను ఇరుకు మనసువాడని తేలికగా తిట్టే ప్రసంగికుడు ఒకసారి ఆ శిల్పాల బొమ్మలు చూడాలి. అలాగే ఈ సోదరుని ఇల్లు నిజంగానే పోయింది.

అయితే యోనా గురించి మరో చోట ఉన్న ఒకే ఒక్క పాత నిబంధన ప్రస్తావనను మేము ఆ తరువాత చదివాం. రెండవ రాజులు 14వ అధ్యాయంలో గత్హేపెరు వాడైన అమిత్తయి కుమారుడు యోనా కనిపిస్తాడు. రెండవ యరొబాము కాలం. ఆ రాజు యెహోవా దృష్టికి చెడునడత నడిచాడని 24వ వచనం చెబుతుంది. ఆ వెంటనే, అదే రాజు ఇశ్రాయేలు సరిహద్దులను తిరిగి సంపాదిస్తాడని యోనా ముందే పలికాడని ఉంది. ఇశ్రాయేలు బాధను చూసి దేవుడు జాలిపడ్డాడు. అంటే అర్హత లేని తనవారికి దేవుని కనికరాన్ని ప్రకటించినప్పుడు ఈ ప్రవక్త ఏ ఓడా ఎక్కలేదు, నీనెవె బతికినప్పుడు అన్నట్టు చచ్చిపోతానని అనలేదు.

“మీ జీవితంలో ఈ పద్నాలుగో అధ్యాయం ఏది?” అని అడిగాను. తెలియదన్నాడు. అమ్మను అడగమన్నాను. తల్లి చెప్పింది. తండ్రి పొగాకు పంటలో దెబ్బతిన్న ఏడాది ఈయన ఇంజినీరింగులో చేరాడు. పెద్దవాడు ఇంటర్మీడియట్‌తో చదువు మానేసి, పొగాకు బ్యారన్లలో రాత్రిళ్లు మంట కాచి, తమ్ముడి ఫీజు కట్టాడు. ఈయనకు తెలియని విషయం కాదు. ఇన్ని నెలలుగా నాకు చెప్పిన కథలో మాత్రం అది ఎక్కడా లేదు.

సొరచెట్టు

నాలుగో అధ్యాయంలో దేవుడు తుపాను పంపలేదు, అరవలేదు. “నీవు కోపించడం న్యాయమా?” అని ఒక ప్రశ్న వేశాడు. జవాబు రాకపోతే యోనాకు నీడగా ఒక సొరచెట్టును మొలిపించి, పురుగుతో తొలిపించి, వడగాలి వీయించి, మళ్లీ అదే ప్రశ్న వేశాడు. కోపంగా ఉన్న విశ్వాసితో వ్యవహరించడానికి నాకు ఇంతకంటే మంచి పద్ధతి తెలియదు: ప్రశ్న, నీడ, కొంత ఎండ, మళ్లీ ప్రశ్న. నేను ప్రశ్నల వరకే తీసుకున్నాను. ఎండ నా చేతిలో లేదు.

ఆ నెల ఆయన నిద్ర చెడగొట్టుకున్నది అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ స్థలం మీద. పక్క ఫ్లాటు వాళ్లు గీత దాటి కారు పెడుతున్నారని అసోసియేషన్ గ్రూపులో పేరాలకు పేరాలు రాశాడు. నాకూ చూపించాడు. బాగా రాస్తాడు. అదంతా చదివాక అడిగాను: “మీ అన్న కూతురు ఎక్కడుంది?”

ఆ అమ్మాయి చదువు ముగించి బెంగళూరులోనే, బీటీఎం లేఔట్‌లో ఒక పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటోంది. నగరంలో ఆమెకున్న ఏకైక బంధువు ఈయన. బాబాయి ఇంటి గడప తొక్కవద్దని తల్లిదండ్రులే చెప్పారట, ఆయన మనసు కష్టపెట్టకూడదని. తాకట్టు పెట్టిననాటికి ఆమె పలక పట్టుకునే వయసు పిల్ల. సొరచెట్టు ఎండినందుకు బాధపడిన యోనాతో దేవుడు, కుడి ఎడమలు ఎరుగని నూట ఇరవై వేలమందికంటే ఎక్కువ జనమూ, బహు పశువులూ ఉన్న పట్టణం మీద నేను జాలిపడవద్దా అన్న ఆఖరి వచనాన్ని ఆ రోజు నేను వివరించలేదు. చదివింది ఆయనే. పశువుల దగ్గర గొంతు ఆగింది. రైతు కొడుకు కదా.

ఇప్పటి స్థితి

అన్నదమ్ములు కావలించుకున్నారని రాయలేను, అది జరగలేదు. ఈయన, భార్య కలిసి పీజీకి వెళ్లి పిల్లను ఆదివారం భోజనానికి తీసుకొచ్చారు. ఇప్పుడు వారం వారం వస్తోంది. వైట్‌ఫీల్డు ఇంటర్వ్యూలకు ఆమెను సిద్ధం చేసేది బాబాయే. సౌండు మిక్సరు ఒక కుర్రాడికి అప్పగించాడు. మొదటి ఆదివారాల్లో భార్యాపిల్లల పక్కన కూర్చుంటున్నాడు. అన్నతో మాటలు ఇంకా తల్లి ఫోను మీదుగానే నడుస్తున్నాయి. అప్పుడప్పుడు కోపం మళ్లీ లేస్తుంది. అప్పుడు ఫోను చేస్తాడు. అదే ప్రశ్న అడుగుతాను. ఒకసారి “న్యాయమే” అని విసురుగా జవాబిచ్చి పెట్టేశాడు. యోనా కూడా అంతే అన్నాడు, చచ్చేవరకూ కోపించడం న్యాయమే అని.

అన్నయ్య నెలనెలా కొంత డబ్బు పంపుతున్నాడు. తీసుకోవాలా వద్దా అని అడిగితే తీసుకోమన్నాను. తిరిగి చెల్లించడం అతని పశ్చాత్తాపంలో భాగం, దాన్ని దయ పేరుతో అడ్డుకోకూడదు. సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానంటే యేసు వద్దనలేదు. ఊళ్లో మిగిలిన ఖాళీ స్థలం మీద వాటాల సంగతి కాగితాల మీదే తేల్చుకోవాలని, అందుకు ఒంగోలులో ఇద్దరికీ బంధువు కాని ఒక వకీలును చూసుకోవాలని చెప్పాను. పత్రాలు రాయించే రోజున తాను రానని, సంతకం పెట్టి పోస్టులో పంపుతానని ఈయన అంటున్నాడు. వెళ్లమని నేను ఇంకా చెప్పలేదు. ఆ రోజు పిల్లకు సెలవు దొరికితే బాబాయిని వెంటబెట్టుకుని తనే వెళ్తానంటోంది.